జల్లెడ ఎముక

మంగళవారం, భవానీపురం

జలుబు తగ్గి వారమైనా మా ఆవిడ మరియమ్మకు వాసన తెలియడం లేదు. ఇవాళ పాలు మాడుతున్నా పొయ్యి పక్కనే నిలబడి ఉంది. వైరస్ ముక్కులోని కణాల గడియ తీసుకుని లోపలికి దూరుతుందట. (మా వీధి తలుపు గడియ ఏడాదిగా ఊడి ఉంది, అది వేరే సంగతి.) అక్కడికీ మెదడుకీ మధ్య జల్లెడలాంటి ఎముకే అడ్డమని చదివాను. మెదడుదాకా పోవడం అరుదని డాక్టరుగారు అన్నా నా భయం తగ్గలేదు.

ఆవిడ జ్ఞాపకం ఎలా ఉందో చూద్దామని, "మన పెద్దమ్మాయి ఎక్కడ పుట్టింది?" అని అడిగాను.

"గుడివాడలో కదండీ. ఆ వానలో రిక్షా తెచ్చింది మీరేగా."

నేను పామర్రు అనుకున్నాను. ఎంత తలచుకున్నా ఆ రిక్షా గుర్తు రావడం లేదు.

ఇంట్లో ముందు జలుబు చేసింది నాకే.