యాభై ఏడు ప్రస్తావనలు, వంద పెన్సిలు దిద్దుబాట్లు

కోపెన్‌హేగెన్, 4 ఏప్రిల్ 1972

పరిశోధకులు శ్రీ థోర్కిల్ లుండ్ గారికి,

అచ్చయిన పరిశోధనలు ఎంతమందికి పనికొచ్చాయో లెక్కగట్టడం మా శాఖ పని. హెర్రింగ్ చేపను పొగబెట్టి నిలవచేయడం గురించి మీరు రాసిన వ్యాసాన్ని యాభై ఏడు వ్యాసాలు ప్రస్తావించాయి. ఈ ఏడాది ఇదే అందరికన్నా ఎక్కువ. ఎవరెవరు ఏయే వాక్యాల్లో ప్రస్తావించారో జాబితా జతచేశాను.

అయితే పండితులకు పంచమని మీకిచ్చిన ఆ వ్యాసం వంద విడి ప్రతుల్లో ఒక్కటీ ఏ పండితుడికీ అందలేదు. ఎవరికిచ్చారో చెప్పండి. మీ ఉద్యోగం పొడిగించాలా వద్దా అని 28న సంఘం తేలుస్తుంది.

ఇట్లు,
ప్రెబెన్ హోల్ట్, శాఖాధికారి

తా.క. సెలవులకు మీ దీవికొచ్చిన మా గుమాస్తా ఒక ప్రతి తెచ్చాడు. పొగ వాసన కొడుతోంది. అందులో చేపలు చుట్టారా?

బోర్న్‌హోల్మ్, 9 ఏప్రిల్

పెద్దలు హోల్ట్ గారికి ఎల్నా లుండ్ నమస్కారాలు.

మా ఆయన చేపలు కొలవడానికి పడవ మీద వెళ్లారు. నెలాఖరుకు గాని రారు. ఉత్తరాలు విప్పి జవాబు రాయమన్నారు. నేను చదివింది ఏడో తరగతే, తప్పులుంటే క్షమించండి.

వంద ప్రతులూ నేనే పంచాను. చేపలకు పొగబెట్టే పొగకొట్లున్న ఇళ్లకూ, బెస్తవాళ్ల ఇళ్లకూ ఇచ్చాను. చేపల గురించి రాసింది చేపల వాళ్లకే కదా అనుకున్నాను.

వినయంతో,
ఎల్నా

తా.క. అందులో చేపలు చుట్టలేదండి. పొయ్యి పక్క గోడకు మేకు కొట్టి తగిలించుకున్నారు. రుజువుకు రెండు చేపలు పంపుతున్నాను.

కోపెన్‌హేగెన్, 14 ఏప్రిల్

శ్రీమతి లుండ్ గారికి,

పొగకొట్లు మా లెక్కలోకి రావు. అంతకన్నా ఘోరం, మా దగ్గరున్న ప్రతిలో మూడో పట్టికను ఎవరో కొట్టేసి పెన్సిలుతో వేరే అంకెలు వేశారు. విశ్వవిద్యాలయం అచ్చును పాడుచేసిందెవరో తేలకపోతే ఆ ప్రభావం మీ భర్త ఉద్యోగం మీద పడుతుంది.

ఇట్లు,
ప్రెబెన్ హోల్ట్

తా.క. చేపలను దస్త్రంలో నమోదు చేసేలోపే గుమాస్తా తినేశాడు. మళ్లీ పంపవద్దు.

బోర్న్‌హోల్మ్, 18 ఏప్రిల్

హోల్ట్ గారికి,

ఆ పెన్సిలు నాదే.

పట్టికలో రెండు వరసలు తారుమారయ్యాయి. చిన్న చేపకు పొగ రెండు గంటలు, కొవ్వు చేపకు నాలుగు అని ఉండాలి. పైనున్న పేరాలో మా ఆయన సరిగ్గానే రాశారు. పట్టిక నమ్మిన మా పొరుగింటి మార్గిట్ నలభై చేపల బుట్టతో మా గుమ్మంలోకొచ్చి, "ఏమమ్మా ఎల్నా, మీ ఆయన చదువు నా చేపల్ని బొగ్గు చేసింది! వీటిని నువ్వే తిను!" అని వీధంతా వినేలా అరిచింది. నాకు నలుగురిలో నోరు పెగలదు. అయినా ఆ వారం ఇల్లిల్లూ తిరిగి వంద ప్రతులూ దిద్దాను.

ఇక మీరు పంపిన జాబితా. యాభై ఏడుగురూ చిన్న చేపకు నాలుగు గంటలనే రాశారు. పైపేరా చదివినవాడైనా, ఒక్క చేపను పొగబెట్టినవాడైనా అలా రాయడు. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకున్నట్టున్నారు.

ఇట్లు,
ఎల్నా లుండ్

తా.క. మా దీవిలో చదివినవాళ్లు వందిళ్ల వాళ్లు. మీ లెక్కలో చదవనివాళ్లు యాభై ఏడుగురు. దేన్ని ప్రభావమంటారో సంఘాన్నే తేల్చమనండి.

కోపెన్‌హేగెన్, 29 ఏప్రిల్

గౌరవనీయులు ఎల్నా లుండ్ గారికి,

మీ ఉత్తరాన్ని సంఘంలో పైకి చదివాను. తరువాత అధ్యక్షులు, "ఆ అమ్మాయిని మన శాఖలో వేసుకుంటే పోలా?" అన్నారు. మీ భర్త ఉద్యోగాన్ని అయిదేళ్లు పొడిగించారు. సవరణ వచ్చే సంచికలో మీ పేరుతోనే అచ్చవుతుంది.

ఇట్లు, తలవంచుకుని,
ప్రెబెన్ హోల్ట్

తా.క. జాబితాలో పదిహేడో పేరు సరిగా చూసినట్టు లేరు. అది నాదే. మా దగ్గరున్న ప్రతిని అధ్యక్షులు పట్టుకెళ్లారు; దయచేసి ఇంకొకటి పంపండి, ఈసారి చదువుతాను.