అల్లం తేనె షర్బత్

అన్నా,
నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అడవి నుంచి నువ్వు తెచ్చిన తేనెను బెల్లం పాకమని, నువ్వు దొంగవని, బీజాపూర్ సంతలో అందరి ముందూ మట్టిలో పారబోయించాడు తేనె కొనే సేఠ్. ఆ అవమానంతోనే నువ్వు మంచం పట్టావు.

నువ్వు ఇంట్లో మిగిల్చిన తేనెలో అల్లం నానబెట్టి, నిమ్మరసం కలిపి, అదే సంతలో షర్బత్ అమ్ముతున్నాను. ఇవాళ మండుటెండలో సేఠ్ వచ్చి ఒక గ్లాసు తాగి, ఇంకోటి అడిగాడు.

"ఏందమ్మా ఈ రుచి! ఈ తేనె ఎవరు తీసిండ్రు? మొత్తం నాకే ఇయ్యి."

"మా అన్న తీసిండు. నువ్వు దొంగన్నవు గదా, ఆయనే. నీకు చుక్క గూడ ఇయ్య," అని అందరికీ వినబడేలా చెప్పాను.

సంతంతా అతనివైపే చూసింది. అతను తల దించుకొని వెళ్ళిపోయాడు. నాకు జాలి కలగలేదన్నా. చాలా రోజులకు ఈ పూట కడుపు నిండా తిన్నాను.

నీ చెల్లె