ఆగిన మగ్గం, రెండు గ్లాసుల టీ

విరుదునగరం

అమ్మా, నేను బాగున్నాను, దిగులుపడవద్దు.

ఆయన పనికి పోతే పొద్దుగూకేదాకా ఇంట్లో నేనూ మరమగ్గమే. పలకరించే మనిషి లేక తిండివేళ కూడా మరిచిపోతున్నాను. మగ్గం మోతలో ఎవరికీ వినబడదని నీతో మాట్లాడుతున్నట్టే గట్టిగా మాట్లాడుకుంటాను. నిన్న కరెంటు పోయి మగ్గం ఆగింది, నా నోరు ఆగలేదు. పక్కింటి మారియమ్మాళ్ రెండు గ్లాసుల టీతో వచ్చి, "ఏమే, తెలుగు వినబడుతుండాదే! మీ అమ్మ వచ్చిండాదా?" అంది. సిగ్గుపడుతూనే నిజం చెప్పాను. "అట్లయితే ఇది నాది" అని రెండో టీ తాగుతూ కూర్చుంది. ఈరోజు తన అగ్గిపెట్టెల పని తెచ్చుకుని మా వసారాలోనే చేస్తోంది.

నాయన మోకాలినొప్పి తగ్గిందా? కోవిల్‌పట్టి నుంచి ఎవరైనా వస్తే కొర్రలు పంపు. నువ్వే తెస్తే మూడో గ్లాసు పెడతాను.

నీ కూతురు
యువరాణి