అనిల్ కట్టుకున్న తీగలు

దుమ్ముగూడెం

ప్రసూన నాన్నకు, నేను బాగున్నాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తారని కార్డు రాస్తున్నాను.

వంటా పడకా అన్నీ ఉన్న అల్లుడి ఇల్లుబండిలో వాళ్లతో ఊళ్లు తిరుగుతూ, పోయిన మన అనిల్ గిటారు నేర్చుకుంటున్నాను. నిన్న అల్లుడు, "అత్తయ్యా, ఇవి ఎడమచేతి వాటానికి కట్టిన తీగలు, తిప్పి కడితే మీకు జల్దీ వస్తది" అని విప్పబోయాడు. "నా కొడుకు కట్టుకున్నవి. రాకుంటే రాకపాయె, ముట్టకయ్యా" అన్నాను.

ఎడమచేత్తో తింటున్నాడని వాడి వేళ్లమీద మీరు గరిటెతో కొట్టేవారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు ఆ చేత్తోనే మీటుతున్నాను.

మిరపనారుకు నీళ్లు పెట్టారా? వాడు వాయిస్తున్న ఫోటో ప్రసూన ఫోనుకు పంపండి, వేళ్లు ఎట్ల పెట్టిండో చూడాలి.

మనవరాలిదీ ఎడమచెయ్యే. ఆదివారం వస్తున్నాం. కంచం దగ్గర దాన్ని ఒక్క మాటన్నా ఊరుకోను. మీరు వేళకు తినండి.

ఆదెమ్మ