విత్తనపు కాయకు కట్టే పీలిక

రాజపాళయం,
మంగళవారం.

అమ్మకు, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేసి కార్డు రాస్తున్నాను. ఇక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ ఎవరికీ చదవడం రాదు. నాకు నెల తప్పింది. ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు. పోయినసారిలా కాకూడదని మందు కొట్టని కూరలే తింటున్నాను. మా అత్త దాచిపోయిన సొర, వంగ విత్తనాలు పెరట్లో వేసి, పేడ, వేపపిండి పెట్టి పెంచాను.

విత్తనానికి వదిలే కాయకు ఆమె రెండు ముళ్ళు వేసి గుడ్డపీలిక కట్టేది. దాన్ని ఎవరూ కోయకూడదు. ఈ వారం మంచి కాయలన్నిటికీ పీలికలు కనబడుతున్నాయి. ఆయన్ని అడిగితే, "నువ్వే కట్టి మరిచిపోయినావు, పో" అని నవ్వారు. ఆ గుడ్డ అత్త ఆకుపచ్చ చీరది. ఆడి నెలలో ఆమెను ఆ చీరతోనే కాటికి సాగనంపాం. చుట్టింది నేనే.

నిన్న మధ్యాహ్నం వసారాలో కాసేపు పడుకుని లేచేసరికి నా ఎడమ కాలికి అదే పీలిక, అవే రెండు ముళ్ళు.

బీర గింజలు పంపు. చెల్లికి దగ్గు తగ్గిందా?

పీలిక ఉన్న కాయ మీద ఎవరూ చేయి వేయరని మొదట ధైర్యంగానే అనిపించింది. కానీ తీగ మీదే ఎండిపోయాక దాన్ని పగలగొట్టి గింజలు మాత్రమే తీసుకుంటాం కదమ్మా. విప్పేయనా, ఉంచుకోనా? వెంటనే రాయి. నాన్నకు నా దండాలు. అందాకా ఆయన కంట పడకుండా చీర కిందికి కట్టుకుంటున్నాను.

నీ కూతురు,
మునిలక్ష్మి