అక్షితని మీ దగ్గరికి పంపే ముందు

ఖరగ్‌పూర్, ట్రాఫిక్ కాలనీ

బావగారికి నమస్కారం.

మన పిల్లలందరినీ ఇక్కడి తెలుగు బడిలోనే చదివిద్దామని అప్పట్లో తెలుగు సంఘం కార్యదర్శిగా మీరే మీటింగులో మా అందరిచేతా ఒట్టు వేయించి, మరుసటి ఏడాదే మీ అబ్బాయిని ఇంగ్లీషు బడిలో వేశారు. కార్యదర్శే మాట తప్పాక మిగతావాళ్ళు ఎందుకు ఆగుతారు? పిల్లలు లేక ఆ తెలుగు బడి మూతపడింది.

ఇప్పుడు ఇక్కడ ఎన్నికల గాలి. ఎవరు స్థానికులో, ఎవరు బయటివాళ్ళో మైకులు చెబుతున్నాయి. ఇక్కడే పుట్టిన మా అబ్బాయి త్రివిక్రమ్‌ని నిన్న టోటో బ్యాటరీ రిక్షా నడిపే అతను "మీది ఏ ఊరు దాదా?" అని అడిగాడట.

"ఇక్కడ తెలుగోళ్ళం, ఆంధ్రాకెళ్తే బెంగాలోళ్ళం. పిల్లని ఎక్కడిదాన్ని చెయ్యాల?" అన్నాడు త్రివిక్రమ్ భోజనాల దగ్గర.

"ఓట్లు అయినాక సూద్దాం," అంది కోడలు.

"ఇవి అయితే ఇంకో ఓట్లొస్తాయి. అందాకా పిల్ల సదువు ఆగుతాదేటి?"

అక్కడి బడిలో చదివితేనే రేపు కాలేజీ సీటుకు స్థానికురాలవుతుందని, నా మనవరాలు అక్షితని విశాఖలో మీ ఇంట్లో ఉంచాలని ఇద్దరూ తేల్చారు. మిమ్మల్ని అడిగే పని నాకు అప్పగించారు. అడుగుతున్నాను.

దానికి బెంగాలీ పద్యాలు నోటికి వచ్చు, తెలుగు అక్షరాలు రావు. దగ్గర కూర్చుని ఓపికగా దిద్దించండి. వెక్కిరించకండి.

త్రివిక్రమ్ ఢిల్లీని తిడతాడు, కోడలు కోల్‌కతాని తిడుతుంది. మూడు భాషల పేపర్లు చదివీ చదివీ ప్రభుత్వాల మీద నా కోపం ఎప్పుడో చల్లారిపోయింది. మీ మీదే ఇంకా చల్లారలేదు, యజ్ఞనారాయణ బావా.