వాయిదా ఇచ్చారని చెప్పాను

జూన్ 30, ఆదివారం
రేవు పనిలోంచి తీసేసిన సింహాచలాన్ని తిరిగి తీసుకోమంది లేబర్ కోర్టు. గెలిచాం. గెలిచాం కనకనే కంపెనీ హైకోర్టుకెక్కింది. ఆ గెలుపుని పోషించే తాహతు మా యూనియన్‌కి లేదు. లాయరుబాబు ఫీజు కోసం శవాల బండి అమ్ముకున్నాం. మొన్న వాట్‌గంజ్‌లో పోయిన మేస్త్రీని చేపల రిక్షాలో తీసుకెళ్ళాం... అప్పటికి దాని చేపల తడి ఇంకా ఆరలేదు.

జూలై 2
మీటింగ్. కేసు వదిలేద్దామని చెప్పే పని నాది — మాటకారిని కదా. వానలో క్రేన్ మీద ఇరుక్కున్న డ్రైవరు కథతో మొదలెట్టాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వులోనే చేతులెత్తమన్నాను. ఎత్తారు. వెనక బల్ల మీంచి సింహాచలం కూడా.
బయట అడిగాను, నువ్వెందుకెత్తావురా అని.
"అందరూ ఎత్తేక నానొక్కడినే ముడుసుకు కూకోమంటావేటి మావా?" రెండడుగులేసి వెనక్కి తిరిగి — "మా పైడమ్మకి నువ్వే సెప్పు. నాకు నోరు రాదు."
సరేనన్నాను.

జూలై 3
చెప్పలేదు. వాన.

జూలై 9, మంగళవారం
హైకోర్టు వాయిదా ఈరోజే. పొద్దున్నే పైడమ్మ టిఫిన్ కేరేజీతో నా గుమ్మంలో. "బేగెల్లండి మావయ్యా, ఆ బస్సుల్ని నమ్మలేం." మొగుడు వెనకాల, నేల చూపులు.
బస్సెక్కాం. బాబూఘాట్‌లో దిగాం. కోర్టు పక్కనే. ఈపాటికి మా కేసు పిలిచే ఉంటారు, మావైపు పలికేవాడు లేడు. ఏటిగట్టు మెట్ల మీద కూర్చుని చేపల పులుసూ అన్నం తిన్నాం. ఆ కోర్టు గోపురం ఏదో పరదేశపు బట్టల అంగడిని చూసి కట్టారట, ఎప్పుడో పొట్లం కాగితంలో చదివాను — ఆ కథ ఎత్తుకోబోయాను.
"ఈయాల వొద్దు మావా."
సాయంత్రం గుమ్మంలోనే పైడమ్మ. "ఏటన్నాడు జడ్జీ?"
వాడు చెప్పులు విప్పుతున్నాడు, విప్పుతూనే ఉన్నాడు. వాయిదా ఇచ్చారన్నాను. ఎప్పటికి? ఇరవై మూడు, మంగళవారం. అక్కడితో ఆగొచ్చు. జడ్జీ మన కాయితాలు రెండుసార్లు తిరగేశాడన్నాను. ఎలా దగ్గాడో దగ్గి చూపించాను. నవ్వింది.

జూలై 15
టీ కొట్టు దగ్గర సింహాచలం.
"సెప్పేవా?"
"నువ్వు?"
టీ తాగి విడిపోయాం.

జూలై 22, సోమవారం
పైడమ్మ వచ్చింది. మెటియాబ్రుజ్‌లో కుట్టుపనికి రేపు సెలవు చెప్పిందట.
"ఈపాలి నానూ వస్తాను మావయ్యా. కాయితాలే అంత సూసినోడు మనిసిని సూడడేటి?"
కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఎన్నింటికి బయల్దేరాలో చెప్పమంది.
ఎనిమిదింటికి, అన్నాను.